డాన్స్ ఫ్లోర్ డ్యూటీ: రూలుకీ ఆనవాయితీకీ మధ్య నిలబడేవాళ్లకు

బ్రిటన్‌లో చదువుకుంటూనో, చదువు అయ్యాకో మ్యూజిక్ హాళ్లలో, క్లబ్బుల్లో స్టీవార్డులుగా, బార్ స్టాఫ్‌గా, డ్యూటీ మేనేజర్లుగా పనిచేసే తెలుగువాళ్లు ఉన్నారు. ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసం. తాగి గొడవ చేసేవాణ్ని ఎలా బయటికి పంపాలో ట్రైనింగ్‌లో చెబుతారు. దశాబ్దాలుగా ఒకే పద్ధతిలో ఆడుతున్న, అరవై దాటిన మర్యాదస్తులు మీ రూలును పక్కన పెడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. నార్తర్న్ సోల్ రాత్రుల్లో డ్యూటీ పడితే సరిగ్గా ఇదే ఎదురవుతుంది.

నార్తర్న్ సోల్ ఉత్తర ఇంగ్లండ్ కార్మిక పట్టణాల్లో 1960ల చివర్లో పుట్టిన డాన్స్ సంస్కృతి. అమెరికాలో అంతగా అమ్ముడుపోని సోల్ రికార్డులను వెతికి తెచ్చుకుని తెల్లవార్లూ ఆడేవారు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, స్టోక్‌లో టార్చ్, విగన్‌లో క్యాసినో దీనికి పేరుపడ్డ చోట్లు. విగన్ క్యాసినోలో 1973 సెప్టెంబరులో మొదలైన ఆల్‌నైటర్లు 1981 డిసెంబరు దాకా నడిచాయి. అక్కడ ఆ రాత్రుల్లో మద్యం అమ్మేవాళ్లు కాదు. వచ్చినవాళ్లు డాన్స్ కోసమే వచ్చేవాళ్లు. గిర్రున తిరగడం, వెనక్కి వాలి చేయి నేలకు ఆనించి లేవడం వాళ్ల పద్ధతి. అందుకు తోలు అడుగున్న షూ వేసుకుని, చెక్క ఫ్లోర్ మీద టాల్కమ్ పౌడర్ చల్లుకునేవారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. హాల్ తలుపు మీద ‘పౌడర్ నిషేధం’ అని రాసి ఉన్నా చిన్న డబ్బా జేబులో వస్తుంది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది

డాన్సర్ చెప్పేది ముందు వినండి. పాదం నేలకు అతుక్కుని ఒళ్లు మాత్రం తిరిగితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది. బీరు ఒలికి జిగటగా మారిన ఫ్లోర్ మీద స్పిన్ చెయ్యడం ప్రమాదమే. కాబట్టి పౌడర్ అతనికి సరదా వస్తువు కాదు, మోకాలికి రక్షణ.

హాల్ వైపు నుంచి చూస్తే, ఆ పౌడర్ చల్లిన చోట ఉండదు. షూ అడుగులకు అంటుకుని మెట్ల మీదికి, టాయ్‌లెట్ టైల్స్ మీదికి, ఎమర్జెన్సీ దారిలోకి వెళ్తుంది. తడి తగిలితే ముద్దవుతుంది. ఫ్లోర్ మీద ఉన్న డాన్సర్‌కి జారుడు తెలుసు, అతను దానికి సిద్ధంగా ఉంటాడు. రెండు చేతుల్లో గ్లాసులు పట్టుకుని మెట్లు దిగే మీ బార్ కొలీగ్‌కు తెలియదు. పడేది ఎక్కువగా అలాంటివాళ్లే. బ్రిటన్‌లో పనిచోట తగిలే దెబ్బలకు జారిపడటం, తట్టుకుని పడటమే అతి సాధారణ కారణం.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. టాల్కమ్ పౌడర్‌ను పేరుపెట్టి నిషేధించిన సెక్షన్ ఏదీ లేదు. 1974 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం ప్రకారం యజమాని తన ఉద్యోగులనే కాకుండా, ఆ పని వల్ల ప్రభావితమయ్యే బయటివాళ్లను కూడా ‘సహేతుకంగా వీలైనంత మేరకు’ కాపాడాలి. అదే చట్టంలోని 7వ సెక్షన్ ఉద్యోగి మీద, అంటే మీ మీద కూడా, తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత పెట్టింది. 1992 నాటి వర్క్‌ప్లేస్ నిబంధనలు ఫ్లోర్ ప్రమాదకరంగా జారకూడదంటాయి. రిస్క్ అసెస్‌మెంట్ తప్పనిసరి. ఐదుగురు, అంతకుమించి ఉద్యోగులుంటే అందులోని ముఖ్యాంశాలు రాతపూర్వకంగా ఉండాలి. మీ హాల్ రిస్క్ అసెస్‌మెంట్‌లో డాన్స్ ఫ్లోర్ గురించి ఏం రాశారో ఎప్పుడైనా చదివారా? ఫైల్ అడిగి చదవండి. మీ పేరు మీద ఏ పని పెట్టారో అందులోనే తెలుస్తుంది.

సాధారణంగా జరిగే మూడు తప్పులు

మొదటిది, రూల్‌ను గేటు దగ్గర చెప్పడం. టికెట్ కొని, గంటల తరబడి ప్రయాణం చేసి వచ్చిన మనిషికి అప్పుడు చెబితే తగాదా తప్ప ఫలితం ఉండదు. డబ్బా దాచుకుని లోపలికి వస్తాడు. చీకట్లో, మీకు కనబడని మూల చల్లుతాడు. నిషేధం ఉందనుకుని మీరు అటువైపు చూడరు కాబట్టి ఆ మచ్చను తుడిచేవాళ్లుండరు.

రెండోది, అసలు కారణం దాచి ‘హెల్త్ అండ్ సేఫ్టీ’ అనడం. క్లీనింగ్ ఖర్చు ఎక్కువవుతుందనో, ఫ్లోర్ పాలిష్ పోతుందనో, ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోలేదనో ఆపితే ఆ మాటే చెప్పండి. సేఫ్టీ పేరుతో ఇలాంటి సాకులు ఎంతగా పెరిగాయంటే, వాటిని తేల్చడానికి బ్రిటన్ సేఫ్టీ నియంత్రణ సంస్థ హెచ్‌ఎస్‌ఈ 2012లో ప్రత్యేకంగా ఒక ప్యానెల్ పెట్టింది. ఒకసారి సాకు దొరికిపోతే, రేపు నిజంగా ఎమర్జెన్సీ దారి ఖాళీ చెయ్యమన్నా మీ మాట ఎవరూ నమ్మరు.

మూడోది, టాల్క్‌కు బదులుగా ఏదో ఒక పొడిని ఆలోచించకుండా ఇవ్వడం. టాల్క్‌ను క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఎక్కువున్న పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో చేర్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ 2023లో టాల్క్ బేబీ పౌడర్‌ను ప్రపంచమంతటా ఆపేసి మొక్కజొన్న పిండి రకానికి మారింది. కాబట్టి ఇవాళ జేబులో వచ్చే డబ్బాలో మొక్కజొన్న పిండి ఉండొచ్చు. టాల్క్ ఖనిజం, మండదు. మొక్కజొన్న పిండి గాలిలో దట్టంగా లేచి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. 2015 జూన్‌లో తైవాన్‌లోని ఒక వాటర్ పార్కు మ్యూజిక్ పార్టీలో రంగుల పిండి అలాగే అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది గాయపడ్డారు. నేల మీద చిటికెడు చల్లడం వేరు, గుప్పిళ్లతో గాల్లోకి ఎగరెయ్యడం వేరు. రెండోది కనబడితే మ్యూజిక్ ఆపించడానికి కూడా వెనకాడకండి.

ఒక కేసు చూద్దాం

మీరు ఒక టౌన్ హాల్‌లో డ్యూటీ మేనేజర్ అనుకోండి. చెక్క ఫ్లోర్, 300 మంది, శనివారం సోల్ నైట్. బుకింగ్ ఖాయమైన వారంలోనే ప్రమోటర్‌ను కూర్చోబెట్టి పౌడర్ మాట ఎత్తండి. ‘మీవాళ్లకు ఫ్లోర్ ఎలా ఉండాలి?’ అని అడగండి. శుభ్రమైన, పొడి చెక్క ఫ్లోర్ ఇస్తే తోలు షూలతో పౌడర్ లేకుండానే ఆడగలమని చాలామంది ఒప్పుకుంటారు. అప్పుడు మీ వంతు బాధ్యత రాసుకోండి: సాయంత్రమే ఫ్లోర్ శుభ్రం చేసి ఆరబెట్టడం, డ్రింకులు ఫ్లోర్ మీదికి రాకుండా అంచున టేబుళ్లు పెట్టి ఒక మనిషిని నిలబెట్టడం, ఒలికితే వెంటనే తుడిచే ఏర్పాటు. ప్రమోటర్ వంతు: టికెట్ మీదా ప్రచారంలోనూ రూల్ ముందే చెప్పడం, డీజేతో మైకులో చెప్పించడం. డాన్సర్లు స్టీవార్డ్ మాట కన్నా డీజే మాట వింటారు. ఇదంతా హైర్ అగ్రిమెంట్‌లోకి ఎక్కాలి.

కొన్ని హాళ్లు పౌడర్‌ను పూర్తిగా ఆపకుండా ఒక హద్దులో ఒప్పుకోవాలనుకోవచ్చు. ఆ నిర్ణయం మేనేజ్‌మెంట్‌ది, మీది కాదు. వాళ్లు ఒప్పుకుంటే ఎక్కడ చల్లాలి, ఎవరు చల్లాలి, మెట్ల దగ్గర మ్యాట్లు ఎన్ని, రాత్రి ఎన్నిసార్లు చెక్ చెయ్యాలి అన్నవి కాగితం మీద ఉండాలి. శుభ్రం చేసేటప్పుడు తడి మాప్‌తో మొదలుపెట్టొద్దు. ముందు సన్నని ధూళిని పట్టే ఫిల్టర్ ఉన్న వాక్యూమ్, ఆ తర్వాతే తడి. చీపురుతో ఊడిస్తే ధూళి మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది.

ఆ రాత్రి ఎవరైనా పడితే ముందు మనిషిని చూసుకోండి. తర్వాత టైమ్, చోటు, ఫ్లోర్ ఫొటో, చూసినవాళ్ల పేర్లు ఇన్సిడెంట్ బుక్‌లో ఎక్కించండి. షిఫ్ట్ అయ్యాక గుర్తుచేసుకుని రాసేదానికి విలువ తక్కువ.

ఒత్తిడి వచ్చినప్పుడు

బార్ సేల్స్ బాగున్న రాత్రి పైనుంచి ‘ఈ ఒక్కసారికి చూసీచూడనట్టు పో’ అన్న మాట వస్తుంది. ప్రమోషన్ కావాలి, షిఫ్టులు కావాలి, వీసా గంటల లెక్క ఉంది. ఎదురు చెప్పడం తేలిక కాదు. వాదన పెట్టుకోకండి. ‘మీరు చెప్పినట్టు మెట్ల దగ్గర మ్యాట్లు లేకుండానే నడుపుతున్నాం, సరేనా?’ అని మర్యాదగా మెసేజ్ పెట్టండి. చాలాసార్లు ఆ మెసేజ్‌కి జవాబుగా మ్యాట్లే వస్తాయి. తీవ్రమైన, తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పక్కకు తప్పుకున్నందుకు వేధించకుండా 1996 ఉద్యోగ హక్కుల చట్టం 44వ సెక్షన్ కాపాడుతుంది. 2021 మే 31 నుంచి ఈ రక్షణ ‘ఎంప్లాయీ’ హోదా ఉన్నవాళ్లకే కాక, ‘వర్కర్’ కిందికి వచ్చే క్యాజువల్ సిబ్బందికీ వర్తిస్తోంది.

ఇదే పని రేపు మీరు బల్లకు అవతలి వైపు కూర్చుని చెయ్యాల్సి రావచ్చు. బతుకమ్మకు స్కూల్ హాల్ అద్దెకు తీసుకునే తెలుగు సంఘంలో మీరూ ఉంటే, రాలిన పూరేకులు, కాళ్ల కింద తడి, దీపానికి మోగే ఫైర్ అలారం గురించి హాల్ మేనేజర్ అడుగుతాడు. అప్పుడు ‘ఇది మా సంప్రదాయం’ అని ఊరుకోకుండా, ఊడ్చే మనిషి పేరు, దీపం పెట్టే చోటు ముందే రాసి ఇవ్వండి.

ఆనవాయితీని గేటు దగ్గర ఆపాలని చూడొద్దు, బుకింగ్ రోజునే కూర్చోబెట్టి మాట్లాడండి. ఒప్పుకున్నది రాయించుకోండి. రాసినదాన్ని ఆ రాత్రి ఫ్లోర్ మీద నిలబడి మీరే అమలు చెయ్యండి.