పెట్రోలు ఆవిరి: మోటారు కారులో దాని కట్టడి, లోపనిర్ణయం

పెట్రోలు మండే ద్రవమే గాక ఎగిరిపోయే ద్రవం కూడా. ఎండలో నిలిపిన కారు, ఇంజను ఆగి ఉన్నప్పటికీ, గాలిని చెరుపుతూనే ఉండగలదు. పగటి వేడిమికి టాంకులోని పెట్రోలు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరికి దారి దొరికితే వాతావరణంలో కలుస్తుంది. అందలి హైడ్రోకార్బనులు నైట్రోజను ఆక్సైడులతో కూడి, సూర్యకాంతిలో ఓజోనును పుట్టిస్తాయని 1950 దశకపు ఆరంభంలో కాలిఫోర్నియాలో ఏరీ హాగెన్-స్మిట్ అనే శాస్త్రజ్ఞుడు నిరూపించాడు. లాస్ ఏంజిలిస్ ప్రజల కళ్ల వెంట నీరు కార్పించిన పొగమంచు రహస్యం అదే. ఆపైన 1970 మోడలు కార్లకు కాలిఫోర్నియాలోను, మరుసటి మోడలునుండి అమెరికా అంతటను ఈ ఆవిరిని బంధించే ఏర్పాటు విధిగా ఉండవలసివచ్చింది. నేటి మన దేశపు పెట్రోలు కార్లలోనూ ఆ ఏర్పాటు ఉన్నది.

తెలుగు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వవచ్చు. మా నాన్నగారు మోటారు మెకానిక్కు. అమరకోశం కంటె ముందు నా చేతికి వచ్చినది స్పానరు.

ఏర్పాటు సరళమైనదే. టాంకునుండి బయలుదేరిన ఆవిరి ఒక గొట్టం ద్వారా బొగ్గు డబ్బాలో ప్రవేశిస్తుంది. అది వంటింటి బొగ్గు కాదు, ఉత్తేజితం చేసిన బొగ్గు. ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల ఉపరితలమంతా పరిస్తే వందలాది చదరపు మీటర్లు అవుతుంది. ఆవిరి ఆ ఉపరితలానికి అంటుకొని నిలుస్తుంది. దీనినే అధిశోషణం అంటారు. ఇంజను నడిచేటప్పుడు డబ్బాకూ ఇంజనుకూ నడుమనున్న పర్జ్ వాల్వు తెరుచుకొని, ఇంజను పీల్పుతో ఆ ఆవిరిని లోనికి రప్పించి మండిస్తుంది. డబ్బాకు రెండవవైపున బయటి గాలిని రానిచ్చే వెంట్ వాల్వు ఉంటుంది. ఒక్క విషయం మాత్రం కంఠస్థం చేయదగినది: సాధారణంగా విద్యుత్తు అందనప్పుడు పర్జ్ వాల్వు మూసి ఉంటుంది, వెంట్ వాల్వు తెరిచి ఉంటుంది. పరీక్షలన్నీ దీనిమీదనే ఆధారపడతాయి.

1996 నుండి అమెరికాలో అమ్మే కార్లలో కంప్యూటరు ఈ వ్యవస్థను తానే పరీక్షించుకొంటుంది. పలు కార్లలో రెండు వాల్వులను వాడి టాంకులో స్వల్పమైన శూన్యాన్ని కల్పించి, అది నిలుస్తున్నదో లేదో పీడన సూచికతో చూస్తుంది. అర మిల్లీమీటరు రంధ్రాన్ని సైతం పసిగట్టగలదు. లోపం కనబడితే ఇంజను దీపం వెలిగించి ఒక సంకేతాన్ని దాచుకొంటుంది. పి 0455 పెద్ద కారుడు, పి 0442 చిన్నది, పి 0456 మిక్కిలి చిన్నది. పి 0441 అయితే ఆవిరి ప్రవాహం తీరు తప్పినదని అర్థం.

కాలిఫోర్నియాలో చదువుకొంటున్న మా చిన్నాన్న కుమారుడు ఒక పాత కారు కొన్నాడు. దీపం వెలిగింది, సంకేతం పి 0441. దీపం వెలుగుతూ ఉంటే అక్కడ స్మాగ్ తనిఖీలో కారు నెగ్గదు. నెగ్గకుంటే రిజిస్ట్రేషను పునరుద్ధరణ కాదు. కారు లేకుంటే అతనికి కళాశాల లేదు. ఎవరో చెప్పగా టాంకు మూత మార్చాడు. కారుడు సంకేతానికి మూత మొదట చూడదగినదే గాని, ఇది కారుడు సంకేతం కాదు. తరువాత పర్జ్ వాల్వు మార్పించాడు. రెండు నెలలు గడిచాక దీపం మళ్లీ వెలిగింది. ఒక గ్యారేజివారు ఉన్నదంతా మార్చాలన్నారు. అప్పుడు ఫోను చేశాడు.

గణభంగమైన పద్యాన్ని దిద్దేవాడు మొత్తం పద్యాన్ని కొట్టివేయడు. ఏ గణం తప్పినదో ముందు విడదీసి చూస్తాడు. పెట్రోలు పోయించిన వెంటనే స్టార్టు కావడం కష్టంగా ఉన్నదా అని అడిగాను. “అవునన్నా, యాక్సిలరేటరు తొక్కితే గాని అందుకోదు” అన్నాడు. పర్జ్ వాల్వు తెరిచి ఉండిపోయిందనడానికి అది మంచి గుర్తు. టాంకు నింపేటప్పుడు వెలువడిన ఆవిరి అడ్డులేక ఇంజనులో చేరి, గాలి తక్కువై, మిశ్రమం చిక్కనవుతుంది.

ఆరుబయట, నిప్పు దరిదాపుల్లో లేకుండా, చల్లని ఇంజనును స్టార్టు చేసి, పర్జ్ వాల్వుకు డబ్బా వైపునున్న గొట్టాన్ని ఊడదీసి వేలు ఆనించమన్నాను. ఆ స్థితిలో వాల్వుకు ఆజ్ఞ అందదు గనుక పీల్పు ఉండరాదు. ఉన్నది. ఇంజను ఆపి వాల్వును విప్పి తెల్లకాగితంపై తట్టమన్నాను. నల్లని గింజలు రాలాయి.

వ్యాధి మూలం అక్కడ ఉన్నది. ఆ గింజలు డబ్బాలోని బొగ్గు. డబ్బా లోపల జల్లెడ చెడి, బొగ్గు గొట్టాల వెంట వచ్చి వాల్వు నోటిలో ఇరుక్కొని దానిని మూసుకోనివ్వలేదు. కొత్త వాల్వుకూ అదే గతి పట్టింది. డబ్బా ఎందుకు చెడినదో కచ్చితంగా చెప్పలేను గాని, బంకులో పంపు టక్కున ఆగిన తరువాత కూడా మరికొంత పోసే అలవాటు అతనికి ఉన్నది. అట్లా పోస్తే ఆవిరికై ఉద్దేశించిన డబ్బాలోనికి ద్రవమే వెళ్లి బొగ్గును తడిపి పాడుచేస్తుంది.

డబ్బా, వాల్వు రెండూ మార్చి, నడుమ గొట్టాలను విడిగా ఊడదీసి గింజ మిగలకుండా శుభ్రం చేయించాడు. గొట్టాలు టాంకుకు తగిలి ఉండగా కంప్రెసరు గాలి వదలరాదు. ఆ ఒత్తిడికి టాంకు, సూచిక దెబ్బతింటాయి. కారుడు వెదకవలసివస్తే అతిస్వల్ప పీడనంతో పొగ పంపే యంత్రం వేరే ఉన్నది.

సంకేతాన్ని చెరిపినంత మాత్రాన కంప్యూటరు నమ్మదు. పలు కార్లలో టాంకు మరీ నిండుగాను, మరీ ఖాళీగాను ఉండక, బండి రాత్రంతా చల్లారితే గాని ఆవిరి పరీక్ష మొదలే కాదు. మిగిలిన పరీక్షలు వారం రోజుల ప్రయాణంలో పూర్తయినవి. ఇది మాత్రం కాలేదు. అయితే 2000 సంవత్సరం, ఆపై మోడలు పెట్రోలు కార్లకు ఈ ఒక్క పరీక్ష అసంపూర్తిగా ఉన్నా కాలిఫోర్నియా నిబంధనలు అనుమతిస్తాయి. దీపం ఆరి ఉన్నది గనుక కారు తనిఖీలో నెగ్గింది. ఆవిరి పరీక్ష ఆపై నాలుగు రోజులకు తనంతట తానే పూర్తయిందని ఉత్తరం వ్రాశాడు.