అనుభవ విద్య

ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు ముగించిన యువతికి ధ్రువపత్రం లభిస్తుంది. కాని నాడిని గుర్తించే నేర్పు రోగి చెంతనే అలవడుతుంది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం నెలకొల్పిన ఫ్లారెన్స్ నైటింగేల్ వార్డునే పాఠశాలగా మలచింది.

భద్రాచలం మన్యంలో దుమ్ముగూడెం, చర్ల మండలాల ఆరోగ్య ఉపకేంద్రాలు అటువంటి పాఠశాలలే. 2016లో ఖమ్మం జిల్లా నుండి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో వానాకాలం వాగులు పొంగుతాయి, మలేరియా ప్రబలుతుంది. జ్వరంతో వచ్చిన కోయ బాలునికి ఏదో ఒక మాత్ర ఇచ్చి పంపడం సులభం. అనుభవం గల నర్సు మొదట వేలికొన నుండి రక్తపు చుక్క తీసి పరీక్షిస్తుంది. ఫాల్సిపారం అని తేలితే పూర్తి మోతాదు మింగించే వరకు విడువదు. ఏలనగా ఆ రకం మెదడుకు సోకి ప్రాణం తీయగలదు.

గర్భిణికి రక్తపోటు పెరిగినప్పుడు, వాగు పొంగక ముందే భద్రాచలం ఆసుపత్రికి తరలించాలి. అందుకు పరికరం చూపిన అంకె చాలదు. కుటుంబం నమ్మకం కావాలి. కోయభాషలో నాలుగు మాటలు నేర్చిన నర్సుకు ఆ నమ్మకం త్వరగా దక్కుతుంది.

తొలినాళ్ళలో సీనియర్ నర్సు ప్రక్కన నిలిచి చూడడం, తెలియనిది అడగడం నూతన నర్సు ధర్మం. ఆమె సిగ్గుపడి అడగని ప్రశ్నకు మూల్యం చెల్లించేది రోగియే.