తాళం చెవి ఇచ్చే ముందు

మన ఇళ్లలో పిల్లవాడు ఇంటర్‌లో చేరగానే అడిగేది బండి. కాలేజీ దూరమంటాడు, స్నేహితులందరికీ ఉందంటాడు. నెల తిరక్కుండానే వాడు రద్దీలో దూసుకుపోతుంటే "బాగా వచ్చేసింది" అని పెద్దలు మురిసిపోతారు. ఇక్కడ మనం ఒక తేడా గమనించాలి. బండిని అదుపు చేయడం వేరు, రోడ్డును అర్థం చేసుకోవడం వేరు. మొదటిది వారాల్లో వస్తుంది, రెండవదానికి ఏళ్లు పడుతుంది. ఆగి ఉన్న ఆటో వెనుక నుంచి ఎవరైనా అడ్డం రావచ్చునని అనుభవం ఉన్నవాడు ముందే ఊహిస్తాడు. కొత్తవాడికి మనిషి ఎదురుగా వచ్చాకే తెలుస్తుంది. దానికి తొందర కూడా తోడైతే తప్పుకునే వ్యవధే మిగలదు.

తొందరతో మిగిలేదెంత?

10 కిలోమీటర్ల దూరానికి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో 15 నిమిషాలు పడుతుంది, 60తో 10 నిమిషాలు. మిగిలేది 5 నిమిషాలు. సిగ్నళ్లు ఉన్న ఊళ్లో అదీ దక్కదు. మరోవైపు, 60 వేగంలో బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు వేసేలోపే అంత దూరం గడిచిపోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. వెనుక కూర్చున్న స్నేహితులు "పోనీరా" అంటుంటే ఈ లెక్క ఎవరికి గుర్తుంటుంది? ఆరాధనలో గడపవలసిన షబె బరాత్ రాత్రి, కుర్రాళ్ల బండ్ల పందేలకు భయపడి హైదరాబాదులో పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయవలసి రావడం మనమందరం ఆలోచించవలసిన విషయం.

చట్టం పెద్దలనే అడుగుతుంది

లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకు అనుమతి ఉన్నది 50 సి.సి. మించని బండికే. మన వీధుల్లోని పెట్రోలు స్కూటర్లు చాలావరకు 100 సి.సి. పైబడినవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు.

ఇంట్లో పాటించదగిన క్రమం

న్యూజీలాండ్ 1987లోనే కొత్త డ్రైవర్లకు అంచెలంచెలుగా అనుమతి ఇచ్చే పద్ధతి తెచ్చింది. మొదట్లో రాత్రివేళ ఒంటరిగా నడపడానికి, తోడు పెద్దలు లేకుండా ఇతరులను ఎక్కించుకోవడానికి వీల్లేదు. ఆ క్రమాన్ని మన ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

1. లైసెన్సు చేతికి వచ్చేవరకు తాళం చెవి పెద్దల దగ్గరే ఉండాలి.
2. మొదటి ఆరు నెలలు పగటిపూట, తెలిసిన దారుల్లోనే నడపాలి. వెనుక స్నేహితులు ఉండకూడదు.
3. దగ్గరి దుకాణానికైనా హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించాలి.
4. బండి మీద ఉన్నవాడికి "ఎక్కడున్నావు, త్వరగా రా" అని ఫోన్ చేయకూడదు.

నాలుగవది పెద్దల కోసం. తండ్రి ఎర్రలైటు దాటుతుంటే వెనుక కూర్చున్న కొడుకు చూస్తూనే ఉంటాడు. సహనం గురించి మనం చెప్పేదానికన్నా, సిగ్నల్ దగ్గర మనం ఆగే ఆ నిమిషమే వాడికి ఎక్కువ నేర్పుతుంది. బిడ్డ ఆలస్యంగానైనా క్షేమంగా ఇల్లు చేరితే చాలు. ఆ మాట వాడు బయలుదేరే ముందే చెప్పి పంపుదాం.