నల్లేరును గుర్తు పట్టండి

కోడలు చేను గట్టు నుంచి గంపలో పచ్చని కాడలు తెచ్చింది.

"నల్లేరు తెచ్చాను అత్తమ్మా, పచ్చడి చేద్దాం" అంది.

అత్త ఒక్కొక్క కాడ తీసి చూసింది. ఒకటి పక్కన పెట్టింది.

"ఇది నల్లేరు కాదమ్మా, జెముడు. కోసిన చోట చూడు, పాలు కారుతున్నాయి. ఆ పాలు విషం. చేతులు కడుక్కో, కళ్ళు నులుముకోకు" అంది.

"రెండూ పలకలుగానే ఉన్నాయి. ఎట్లా తెలుస్తుంది?" అని కోడలు అడిగింది.

అత్త చెప్పిన గుర్తులు ఇవి.

1. నల్లేరు కాడకు నాలుగు అంచులు ఉంటాయి.
2. సుమారు బెత్తెడుకొక కణుపు ఉంటుంది. కణుపు దగ్గర కాడ సన్నబడుతుంది.
3. లేత కణుపు దగ్గర ఒక పక్క ఆకు, ఎదురు పక్క నులితీగ ఉంటాయి. ఆ తీగతోనే నల్లేరు కంచె పట్టుకుని పాకుతుంది.
4. ముళ్ళు ఉండవు. తుంచితే తెల్లని పాలు రావు.

జెముడుకు ముళ్ళు, పాలు ఉంటాయి. నులితీగ ఉండదు. జెముడు పాలు కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళతో బాగా కడగాలి. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

నల్లేరు ద్రాక్ష కుటుంబానికి చెందిన తీగ. ద్రాక్షకూ ఆకుకు ఎదురుగానే నులితీగ వస్తుంది. నల్లేరు కాయలు బఠాణీ గింజంత ఉంటాయి. పండితే ఎర్రబడతాయి. కానీ ద్రాక్షలా తినరాదు, నోరు మండుతుంది.

ఇది మన నేలలో తనంతట తానే పెరిగే మొక్క. వేడి మైదానాల్లో, మెట్ట చేల గట్ల మీద, ముళ్ళకంచెల్లో ఉంటుంది. నీళ్ళు నిలిచే చోట కుళ్ళిపోతుంది. మెత్తని ఈ కాడల మీద బండి చక్రం సులువుగా పోతుంది. అందుకే తేలికైన పనిని "నల్లేరు మీద బండి నడక" అంటారు.

నల్లేరు కాడలో కంటికి కనిపించని సూదుల్లాంటివి ఉంటాయి. అందుకే చేయి, నోరు దురద పెడతాయి. చేతికి నూనె రాసుకుని లేత కాడలే తీసుకోవాలి. అంచుల నార తీయాలి. నూనెలో బాగా వేయించి, చింతపండు వేసి నూరాలి. పచ్చిగా తినకూడదు.

ఎముక విరిగితే కొందరు నల్లేరు కట్టు కడతారు. దాంతో ఊరుకోకూడదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాలి.

పాత కంచె కొట్టేస్తే నల్లేరూ పోతుంది. కొట్టే ముందు రెండు కణుపుల ముక్క తెచ్చి పెరటి కంచె దగ్గర గుచ్చండి. నీళ్ళు కొద్దిగా పోస్తే చాలు, వేరు పట్టుకుంటుంది.

చదివి చెప్పండి

1. నల్లేరుకు, జెముడుకు తేడాలు ఏమిటి?
2. జెముడు పాలు కంట్లో పడితే ఏం చేయాలి?
3. మీ ఊళ్ళో నల్లేరు ఎక్కడ ఉంది? రెండు వాక్యాలు రాయండి.