పాల నాణ్యత: నేల, ఋతువుల ప్రభావము

గేదె అదే, పోషకుడు నతడే. అయినను చలికాలమున పాలకేంద్రములో పలికిన ధర వేసవిలో పలుకదు. అప్పుడు "నీళ్లు కలిపినావా?" యను మాటను నిర్దోషియైన రైతు సైతము పడవలసివచ్చును. ఈ భేదమునకు గల కారణములను పంచాయతి సభ్యులు గ్రహించుట మిక్కిలి అవసరము.

పాల ధరను వెన్నశాతమును, వెన్న గాక మిగిలిన ఘనపదార్థములను బట్టి నిర్ణయింతురు. గేదెపాలలో వెన్న సాధారణముగ నూటికి 6 నుండి 8 పాళ్లు, ఆవుపాలలో 3.5 నుండి 5 పాళ్లు ఉండును. పశువు జాతి, ఈనిన పిమ్మట గడచిన నెలలు, మేత, వాతావరణము ననుసరించి ఈ అంకెలు మారుచుండును.

నేల ప్రభావము: కృష్ణా, గోదావరి డెల్టాలలో ముఖ్యమైన మేత వరిగడ్డి. ఇందు మాంసకృత్తులు స్వల్పము. ఈ లోపమును పూరించుటకే అచ్చటి రైతులు వరికోతకు ముందు పొలములో పిల్లిపెసర, జనుము చల్లుదురు. వర్షములు తక్కువైన రాయలసీమలో జొన్నచొప్ప, వేరుశనగ కట్టె ఆధారము. వేరుశనగ కట్టె వరిగడ్డి కంటె బలమైనదే. కాని వానలు తప్పిన ఏట అదియు కరవగును.

ఋతువుల ప్రభావము: పీచుగల మేత పశువు పొట్టలో పులిసి, వెన్న తయారగుటకు వలసిన ఆమ్లము నిచ్చును. తొలకరి లేతగడ్డిలో నీరెక్కువ, పీచు తక్కువ. అది మాత్రమే మేసిన పశువు పాలలో వెన్న తగ్గును. వేసవిలో తాపమునకు పశువు మేత తగ్గించును; పాలును, అందలి ఘనపదార్థములును తగ్గును. గేదె నల్లని చర్మము ఎండను గ్రహించును. స్వేదగ్రంథులు తక్కువగుటచే ఒంటివేడి త్వరగా చల్లారదు. కనుకనే అది నీటిలో పడియుండ గోరును.

పరీక్షలో న్యాయము: అప్పుడే పిదికిన పాలు సుమారు 38 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కలిగియుండును. వేడిపాలలో ల్యాక్టోమీటరు తక్కువ అంకె చూపును. ఉష్ణోగ్రతకు తగిన సవరణ చేయక రైతును దోషిగా నెంచరాదు. అట్లని కల్తీని ఉపేక్షింపనురాదు. అనుమానము కలిగినచో పరీక్షకుని యెదుట పశువును పిదికించి, ఆ పాలతో పోల్చిచూచుట ఉచితము.

పంచాయతులు చేయదగిన పనులు:

1. పశువులు మునుగుటకు చెరువులో నీరు నిలుచునట్లు పూడిక తీయించుట. త్రాగుటకు తొట్లు కట్టించుట.

2. పశువులు నిలుచుచోట నీడనిచ్చు చెట్లను, ఉమ్మడి భూమిలో పశుగ్రాసమును పెంచుట.

3. లేతగడ్డితోపాటు ఎండుమేతయు పెట్టవలెనని రైతులకు తెలుపుట.

4. ఎండ ముదరకముందే పాలసేకరణ ముగియునట్లు చూచుట. వేడిలో సూక్ష్మక్రిములు శీఘ్రముగ పెరిగి పాలు విరుగును. 4 డిగ్రీలకు చల్లబరచిన పాలలో వాటి పెరుగుదల మందగించును.

ఎండను, వానను మనము మార్పజాలము. నీడ, నీరు, మేత సమకూర్చుట మాత్రము మన చేతిలోని పని. అది జరిగిన గ్రామమున పాడిరైతు కష్టమునకు తగిన ఫలము దక్కును.