మంత్రాలుండగా యుద్ధమెందుకు?
(కథల మీద వాదించుకునే తమ్ముళ్ళకు ఒక పాఠం)



మన హాస్టల్లో స్టడీ అవర్ అయిపోయి కరెంటు పోయిందంటే చాలు, వరండాలో సభ మొదలయ్యేది. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? మాయల ఫకీరూ, నేపాళ మాంత్రికుడూ తలపడితే ఎవరు గెలుస్తారు? వాదన ముదిరి రెండు జట్లయి, తెల్లారి టిఫిన్ లైన్లో కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. ఒకరోజు ఎనిమిదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, గన్ని మంత్రాలుండంగ మళ్ళ యుద్ధమెందుకు?" అని అడిగాడు. అందరం నవ్వాం. కానీ అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

1. మంత్రానికీ నియమం ఉంది

మన కథల్లో హద్దు లేని శక్తి ఎవరికీ లేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఎంతటివాడైనా అతని ప్రాణం చిలకలో ఉంది. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' చిత్రంలో ప్రతిమ కోరింది ఇస్తుంది. అయితే మంచివాడా, చెడ్డవాడా అని చూడదు. ఎవరి చేతిలో ఉంటే వారి మాట వింటుంది. అందుకే అది మాంత్రికుడి చేతికి చిక్కగానే తోటరాముడు అన్నీ పోగొట్టుకుంటాడు.

భారతంలో ఇంద్రుడు కర్ణుడికి ఇచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవ సేనను చెండాడుతుంటే గత్యంతరం లేక అతనిపై ప్రయోగించాడు. అర్జునుడు బతికాడు. హిరణ్యకశిపుడు లోపలా బయటా, పగలూ రాత్రీ చావు రాకూడదని వరం కోరాడు. గడప మీద, సంధ్యవేళ చనిపోయాడు. ఆ కథను తెలుగులో చెప్పిన పోతన మన బమ్మెరవాడే అని గుర్తుంచుకోండి.

దీన్నిబట్టి తెలిసేదేమంటే, నియమం ఉంది కాబట్టే యుద్ధం ఉంది, కథ ఉంది. నియమం లేకపోతే మొదటి పేజీలోనే కథ కంచికి పోతుంది. కాబట్టి "మావాడే గెలుస్తాడు" అనే ముందు "ఆ కథలో నియమం ఏమిటి?" అని అడగాలి.

2. యుద్ధానికి లెక్క ఉంది

ఓరుగల్లు కోటకు వెళ్ళినప్పుడు తోరణాల దగ్గర ఫొటో దిగి తిరిగి రాకండి. రాతికోట దర్వాజ చూడండి. లోపలికి తిన్నగా పోలేం, మలుపు తిరగాలి. ఏనుగైనా, గుర్రమైనా మలుపు దగ్గర వేగం తగ్గించక తప్పదు. అప్పుడు పైనున్నవాళ్ళకు దొరికిపోతుంది. ఆ గోడకు 45 బురుజులు, చుట్టూ కందకం, ఆపైన మట్టికోట. ఇది మంత్రం కాదు, బుద్ధిబలం, కూలీల చెమట.

అయినా కోట ఓడింది. 1310లో ప్రతాపరుద్రుడు మాలిక్ కాఫర్‌తో సంధి చేసుకుని ఏనుగులను, గుర్రాలను, ధనాన్ని ఇచ్చాడు. తర్వాత ఉలుగ్ ఖాన్ మొదటిసారి ముట్టడించినప్పుడు ఢిల్లీ సుల్తాను చనిపోయాడన్న పుకారు పుట్టి అతని సైన్యం చెదిరిపోయిందని చరిత్రకారుడు బరనీ రాశాడు. 1323లో అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి కోట నిలవలేదు. తిండిగింజలు, నమ్మకం, పుకారు కూడా యుద్ధంలో ఆయుధాలే.

3. నేను తప్పిన పరీక్ష

ఇక అసలు విషయం. ఒక రాత్రి తాడ్వాయి దిక్కు నుంచి వచ్చిన కోయ తమ్ముడు సమ్మక్క కథ చెబుతున్నాడు. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మేడారం మీదికి రావడం, పగిడిద్దరాజు, సారలమ్మ నేలకొరగడం, జంపన్న సంపెంగ వాగులో దూకడం, వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి మాయమవడం. నేను పదో తరగతి, వాదనలో మొనగాణ్ణి. "దేవతయితే ఎందుకోడింది?" అని అడిగాను. అందరూ నవ్వారు. వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ వరండా సభకు రాలేదు.

నా తప్పేమిటో చాలా ఏళ్ళకు తెలిసింది. మూడు వేర్వేరు ప్రశ్నలను నేను ఒకటిగా కలిపేశాను.

ఒకటి: కథ లోపల ఏం జరిగింది? ఆమె ఎదురుగా ఓడలేదు, వెనుక నుంచి పొడిచారు. గుట్ట మీద శవం దొరకలేదు, కుంకుమ భరిణె దొరికింది.

రెండు: ఆ కథ జనానికి ఏమిటి? రెండేళ్ళకోసారి మాఘమాసంలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి, సారలమ్మను కన్నెపల్లి నుంచి గద్దెలకు తెస్తారు. విగ్రహం లేదు. బెల్లమే బంగారం. పన్ను కట్టలేనివాళ్ళ తరఫున నిలబడిన తల్లిని లక్షల మంది మొక్కుతారు. గెలిచిన సైన్యానికి ఏ జాతరా లేదు.

మూడు: చరిత్రలో ఏం జరిగింది? దీనికి ఆధారం కావాలి. రుద్రమదేవి మరణకాలం 1289 నాటి చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. మేడారం యుద్ధం ఏ రాజు కాలంలో జరిగిందనే విషయంలో కథనాలు ఏకం కావు. అంతమాత్రాన అబద్ధమనరాదు. రాయి చెక్కించడానికి డబ్బు, అధికారం కావాలి. అవి లేనివాళ్ళు పాటలో దాచుకున్నారు. డోలి కోయలు పడిగె గుడ్డల మీది బొమ్మలు చూపుతూ వంశకథలు పాడతారు. పాటను పాటలా, శాసనాన్ని శాసనంలా పరీక్షించాలి.

ముగింపు

తమ్ముళ్ళారా, వాదించండి. వాదన లేని హాస్టల్ నిద్రపోయే హాస్టల్. కానీ నోరు తెరిచే ముందు ఇది ఏ ప్రశ్న అని చూసుకోండి. ఎదుటివాడు కథ చెబుతున్నాడా, తన ఇంటి దేవతను చూపిస్తున్నాడా అని కూడా చూడండి. అట్టడుగు నుంచి వచ్చిన మనలో ఎవరి తాతముత్తాతల పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి? మనవాళ్ళ కథను నవ్వులపాలు చేయడానికి బయటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని మనమే చేయకూడదు.

ఆనాటి తమ్ముడు ఈ సంచిక చదివితే, తమ్ముడూ, ఈ అన్నదే తప్పు. ఈసారి వార్షికోత్సవానికి రా. కథ మధ్యలో ఆగిపోయింది.