మాటలాడని మరబొమ్మ: ఒక బొమ్మల చిత్రమును లోకమును, మన పిల్లలును స్వీకరించిన తీరు

పాఠశాల వార్షిక సంచికలో చలనచిత్రమును గూర్చి వ్యాసమేల యని తల్లిదండ్రులు కొందరు ఆశ్చర్యపడవచ్చును. ఏడవ, ఎనిమిదవ తరగతుల విద్యార్థులకు ఒక శనివారము మధ్యాహ్నము మా పెద్దగదిలో తెరగట్టి ‘వాల్-ఇ’ అను అమెరికా బొమ్మల చిత్రమును మేము చూపితిమి. మరునాడే ఒక తండ్రిగారు వచ్చి, “ఇంటికాడ టీవీ కట్టేస్తన్నాం, మీరు బడిలో చూపిస్తన్నారేటి మాస్టారూ?” అని నవ్వుచునే అడిగిరి. ఆ నవ్వులో కొంత నింద కూడ కలదు. అప్పుడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి కలిగింపలేదు. కావున ఇప్పుడు కొంత తీరికగా చెప్పుచున్నాము.

చిత్రమును చూడనివారి కొరకు ముందుగా కథ. మనుష్యులు భూమిని చెత్తతో నింపి, నివసించుటకు వీలుగాక, అంతరిక్షనౌకలెక్కి వెడలిపోయిరి. 700 ఏండ్లు గడచినవి. చెత్తను నొక్కి దిమ్మెలుగా చేసి గోపురములవలె పేర్చు చిన్న యంత్ర మొకటి మాత్రము భూమిమీద మిగిలి, తన పని తాను చేసికొనుచున్నది. దాని పేరే వాల్-ఇ. దానికి తోడు ఒక బొద్దింక, కాలక్షేపమునకు ఒక పాత సంగీతచిత్రపు టేపు. ఒకనాడు దానికి చెత్తలో పచ్చని మొక్క దొరకును. తరువాత ఆకాశమునుండి ఈవ్ అను మరియొక యంత్రము దిగును. భూమిపై జీవమున్నదా యని వెదకుట ఈవ్ పని. మొక్కను తీసికొని అది నౌకకు మరలిపోవ, వాల్-ఇ దాని వెంటబడి పోవును. నౌకలోని మనుష్యులు తరతరములుగా కుర్చీలలో ఒరగి, కన్నులముందు తెరలు పెట్టుకొని, నడచుట మరచి, మిక్కిలి లావెక్కియున్నారు. నౌకను నడపునది కూడ యంత్రమే. నాయకుడున్నాడు గాని, పేరునకే.

ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వమున పిక్సార్ సంస్థ నిర్మించిన ఈ 98 నిమిషముల చిత్రము 2008 జూన్ 27వ తేదీన అమెరికాలో విడుదలయ్యెను. మొదటి అరగంటకు పైగా సంభాషణ లేదనియే చెప్పవలెను. యంత్రముల కూతలు, గాలి చప్పుడు, పాత పాట, అంతే. ఆ ధ్వనులను కూర్చిన బెన్ బర్ట్, ‘స్టార్ వార్స్’ చిత్రములకు ధ్వనులు సమకూర్చిన వాడే. విమర్శకులు ముఖ్యముగా మెచ్చినది ఈ భాగమునే. చాలమందికి చార్లీ చాప్లిన్ నాటి మూకీ చిత్రములు జ్ఞప్తికి వచ్చినవి. 2008 సంవత్సరపు ఉత్తమచిత్రముగా లాస్ ఏంజెలిస్ విమర్శకుల సంఘము దీనినే ఎన్నుకొన్నది. అంతకుముందు ఏ బొమ్మల చిత్రమునకును ఆ సంఘము ఆ గౌరవమీయలేదు. 2009 ఫిబ్రవరిలో ఉత్తమ బొమ్మల చిత్రముగా ఆస్కార్ పురస్కారము లభించెను. మొత్తము 6 విభాగములలో పేరు వచ్చినను, అన్నిటికన్న పెద్దదైన ఉత్తమచిత్ర విభాగములో రాలేదు. బొమ్మలనగా పిల్లల వినోదమే యను చిన్నచూపు అక్కడి పెద్దలలో కూడ ఉన్నదని దీనివలన మాకు తోచుచున్నది. మా గదికి వచ్చిన తండ్రిగారు ఒంటరివారు కారు! ప్రేక్షకులు మాత్రము వెనుదీయలేదు. ప్రపంచమంతట కలిపి 50 కోట్ల డాలర్లకు పైగా వసూలైనది. 2021లో అమెరికా ప్రభుత్వ గ్రంథాలయము తాను శాశ్వతముగా భద్రపరచు చిత్రముల పట్టికలో దీనిని చేర్చెను.

మెప్పును మాత్రమే చెప్పి ఊరకుండుట పాఠము కాదు. ఆక్షేపణలును వచ్చినవి. మొదటి సగములోని మౌనసౌందర్యము నౌకలోనికి పోవుసరికి పరుగులు, తరుములాటలుగా మారినదని కొందరనిరి. వస్తువుల మోజును వెక్కిరించు చిత్రమునకు బొమ్మలు, సంచులు అచ్చొత్తి అమ్ముట ఎట్టి న్యాయమని మరి కొందరు అడిగిరి. మూడవ ఆక్షేపణ వేరు. లావుగా నున్నవారిని సోమరితనమునకు గురుతుగా చూపి నవ్వించుట తగదని కొందరు పత్రికలలో వ్రాసిరి. దర్శకుని ఉద్దేశము వేరు. బరువు తెలియని అంతరిక్షములో బహుకాలముండిన ఎముకలు, కండరములు క్షీణించునను శాస్త్రవిషయమును ఆధారముగా గొని, మనుష్యులను పెద్ద పసిబిడ్డలవలె చూపదలచెనట. ఈ వాదమును మేము మొదట చదివినప్పుడు, తినుటకు లోటులేని దేశపు వ్యవహారమని తలచి పుట త్రిప్పివేసితిమి. ఆ తొందరపాటునకు ఫలము తరువాత అనుభవించితిమి. ఆ సంగతి చివర చెప్పెదము.

వసూళ్ల మాట వచ్చినది గావున ఒక సంగతి. 1999లో ‘ది ఐరన్ జెయింట్’ అను మరియొక బొమ్మల చిత్రము వచ్చినది. రష్యావారి స్పుత్నిక్ ఎగిరిన 1957వ సంవత్సరమున ఒక బాలునికి ఆకాశమునుండి పడిన ఇనుపమనిషితో కలిగిన స్నేహము కథ. విమర్శకులు మెచ్చిరి, జనము రాలేదు. నిర్మాతలు సరిగా ప్రచారము చేయకపోవుట ప్రధానకారణమందురు. తరువాత ఇండ్లలోను, దూరదర్శనములోను చూచినవారి వలన దానికి మెల్లమెల్లగా పేరు వచ్చి, 2015లో మరల థియేటర్లకు ఎక్కినది. చిత్రము ఒక్కటే, మారినది చూచిన చోటు, చూచిన తరము.

ఇక మన సంగతి. మాటలులేని అరగంటను మన పిల్లలు భరింపజాలరని మేము గట్టిగా నమ్మితిమి. మధ్యలో నిలిపి కథ చెప్పుటకు ఒక ఉపాధ్యాయుని తెర ప్రక్కన నిలువబెట్టితిమి కూడ. ఆయన నోరు తెరచిన రెండవ మాటకే “ఊరుకోండి మాస్టారూ, తెలస్తంది!” అని వెనుక వరుసనుండి వినవచ్చినది. ఆయన వచ్చి మా ప్రక్కన కూర్చుండిరి. ఆలోచింపగా ఇందులో వింతయేమి? రెండేండ్లకొకసారి ఠాకురాణీ యాత్రలో బ్రహ్మపురపు వీథులలో పులివేషము కట్టినవాడు ఒక్క మాటయైన పలుకడు. డప్పు మ్రోగును, తోక ఆడును, చంకలోని బిడ్డకు సైతము అర్థమగును. తెలుగు వీథివారు, ఒడియా వీథివారు ఒక్క అరుగుమీదనే నిలిచి చూతురు. అట్టి ఊరి పిల్లలకు మౌనము అర్థము కాదని తలచుట మా పొరపాటు.

తెలుగు చిత్రసీమలో కూడ దీనికి సాక్ష్యము కలదు. 2012 జూలైలో వచ్చిన రాజమౌళిగారి ‘ఈగ’ శాస్త్రకల్పన గాక పునర్జన్మకథ యైనను, కథానాయకుడు కంప్యూటరుపై చేసిన ఈగ. అది మాటలాడదు. సైగలతో, చేష్టలతో పగ తీర్చుకొనును. ప్రేక్షకులు ఆదరించిరి, విమర్శకులు మెచ్చిరి. జాతీయ పురస్కారములలో ఉత్తమ తెలుగు చిత్రముగాను, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ కలదిగాను ఎంపికయ్యెను. తెలుగువానికి సంభాషణలు లేనిదే చిత్రము రుచింపదను మాట అప్పటికే అబద్ధమైనది. సంభాషణలు గల దానికి ఉదాహరణము కావలెనన్న, ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రమునకు ముందుగా 2024 మే నెలలో వచ్చిన ‘బుజ్జి అండ్ భైరవ’ అను రెండు భాగముల బొమ్మల కథ కలదు. అందులో బుజ్జి యను యంత్రము తెలుగులో గలగల మాటలాడును. మా బాలురు కొందరు ఆ గొంతును అనుకరింపగా విని, వారించుటకు మనసురాక ఊరకుంటిమి. వాల్-ఇ వారికి అట్టి మాటలు ఈయలేదు. చిక్కు అక్కడనే వచ్చినది.

సోమవారమునాడు, చూచిన కథను ఒక పుట తెలుగులో వ్రాయుడని చెప్పితిమి. తెరముందు కన్నార్పక కూర్చున్నవారే కలము పట్టుకొని దిక్కులు చూడసాగిరి. ‘చెత్త’ అనుటకు ఒకరు ‘అళియా’ అనియు, మరియొకరు ‘కచరా’ అనియు, నలుగురు ‘వేస్ట్’ అనియు వ్రాసిరి. మొక్కను ‘గఛ్ఛ’ అని తెలుగు లిపిలో వ్రాసినవారు కలరు. 1936లో గంజాము మద్రాసు రాజధానినుండి వేరుపడి ఒడిశాలో చేరిననాటి నుండి మన ఇండ్లలో రెండు భాషలు ఇరుగుపొరుగున కాపురము చేయుచునేయున్నవి. దానికి మేము విచారింపము. ఒడియా మాట వచ్చుట దోషము కాదు, తెలుగు మాట రాకపోవుటయే మా చింత. పిల్లలకు భావము పుట్టినది. దానిని ఇంటిభాషలో పలుకుటకు మాట దొరకలేదు.

ఒక బాలిక పుట మాత్రము వేరుగా నుండెను. ‘తుక్కు’, ‘కసవు’, ‘పెంటపోగు’ అను మూడు మాటలను మూడు చోట్ల, దేని చోటున దానిని, వాడినది. ఎక్కడివని అడిగితిమి. ఆదివారము రాత్రి తన నాయనమ్మకు కథయంతయు చెప్పినదట. ఆమె నడుమ నడుమ “అంటే కసవా? పెంటపోగా?” అని అడుగుచుండినదట. ఆ ముసలామె చిత్రమును చూడలేదు, చదువుకొనలేదు. ఆ వారములో మేము చెప్పిన తెలుగు పాఠముకంటె ఆమె చెప్పినదే మేలైనది. తండ్రిగారికి మేము అప్పుడు చెప్పవలసిన సమాధానము ఇదియే. టీవీ కట్టివేయుడు, మాకు అభ్యంతరము లేదు. కాని కట్టిన తరువాత “ఏటయింది అందులో?” అని తెలుగులో ఒక్కసారి అడుగుడు. వాడు చెప్పునప్పుడు తప్పు పట్టక, మాటకు తడబడినచోట మాట అందీయుడు.

ఇక దాచియుంచిన సంగతి. చిత్రము చూపిన మూడవనాడు వరండాలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు ఒంటరిగా కూర్చుండి కనబడెను. కొంచెము ఒళ్లు గల బిడ్డ. తోటివారు అతనిని ‘ఓడమనిషి’ అని పిలుచుచున్నారట. కుర్చీ ఎగురునా, గ్లాసు ఎవరు పట్టుకొందురు అని వేళాకోళము చేయుచున్నారట. అమెరికా విమర్శకుల గొడవ యని మేము పుట త్రిప్పివేసిన మాట, మా వరండాలోనే మా ఎదుట కూర్చున్నది. ఆ తరగతికి పోయి మందలించితిమి. వేళాకోళము తగ్గినది గాని, మందలింపుతో అతని మనసు కుదుటపడినదని మేము నమ్మలేదు.

అతడు తన పుటను ఆలస్యముగా, వారము చివర తెచ్చి ఇచ్చెను. అందులో వాల్-ఇ గూర్చి నాలుగు వాక్యములే కలవు. తక్కినదంతయు నౌకానాయకుని గూర్చి. ఆ నాయకుడు కూడ లావుగానే యుండెననియు, అందరికంటె ముందు భూమిని గూర్చి తెలిసికొనవలెనని పుస్తకమువలె ప్రశ్నలడిగినది అతడే యనియు, చివర తన కాళ్లమీద తాను లేచి నిలిచి నడచి యంత్రపు మీట త్రిప్పినది కూడ అతడే యనియు వ్రాసెను. అది మరబొమ్మ కథ గాదు, నాయకుని కథ యని అతని తీర్పు. మేము చదివిన విమర్శలలో ఇంత సూటియైన మాట ఎక్కడను చూడలేదు. మేము చిత్రమును రెండుసార్లు చూచియు ఇట్లు చూడలేకపోతిమి.

ఆ పుటను అతని యనుమతితో ఈ సంచికలోనే విద్యార్థుల భాగమున అచ్చువేయించితిమి. పేరు వేయవలదని కోరినందున వేయలేదు. అక్షరదోషములను మాత్రమే దిద్ది, ‘అళియా’ అను మాటను ఉన్నదున్నట్లుగా ఉంచితిమి.